టేపు తీసి కొలిచాకే అమ్మే దుకాణం

పోయిన ఏడాది కార్తీక మాసంలో ఒక తెల్లవారుజామున మా నాయన స్నానాల గదిలో జారిపడ్డాడు. మా ఇంట్లో నేలంతా కడప బండ. నున్నగా అరగదీసిన నల్లరాయి, వేసవిలో కాళ్లకు చల్లగా ఉంటుంది, నలభై ఏళ్లయినా చెక్కు చెదరదు. దాని మీద సబ్బు నీళ్లు పడితే మాత్రం కాలు నిలవదు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి గోడకు ఆనుకుని పడి ఉన్నాడు. కుడికాలు ఎడమకాలి కంటే పొట్టిగా కనిపిస్తోంది. పాదం బయటి వైపుకు తిరిగిపోయి ఉంది. చంకల కింద చేతులు వేసి లేపబోయిన తమ్ముణ్ణి ఆపి, కదిలించవద్దని చెప్పి, 108కి ఫోను చేశాను. కాలు అలా పొట్టిబడి బయటికి తిరిగిందంటే తుంటి దగ్గర విరిగిందనే అర్థం.

ఆనాటి నుంచి ఈనాటి వరకు మా ఇంట్లో ముగ్గురికి మూడు కీళ్ల ఇబ్బందులు వచ్చాయి. నాయనకు తుంటి, మా అత్తమ్మకు మోకాళ్లు, నాకు చీలమండ. వైద్యం చేసింది డాక్టర్లే. కానీ ఇంటికి వచ్చాక నెలల తరబడి మాకు అక్కరకు వచ్చింది కడపలో ఏడు రోడ్ల కూడలి నుంచి లోపలికి వెళ్లే ఒక సందులోని సర్జికల్ సామాన్ల దుకాణం. ఈ సమీక్ష దాని గురించే. పేరు రాస్తానంటే దుకాణం పెద్దాయన వద్దన్నారు. "ఉన్న గిరాకీకే కొలతలు తీయడానికి టైము చాలడం లేదమ్మా" అన్నారు. అందుకని పేరు రాయడం లేదు. ఆయన ఏమేమి అడిగారో, ఏమేమి చేశారో మాత్రం విడమరిచి రాస్తాను. మీ ఊరి దుకాణంలో మీరు ఆ ప్రశ్నలన్నీ అడగండి.

నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. తుంటిది బంతి గిన్నె కీలు అని ఏటా పిల్లలకు గుప్పిట మూసి, రెండో అరచేతిలో పెట్టి తిప్పి చూపిస్తాను. తొడ ఎముక పైకొసన ఉన్న బంతి కటి ఎముకలోని గిన్నెలో కూర్చుంటుంది. బంతికీ ఎముక కాండానికీ మధ్య సన్నని మెడ ఉంటుంది. ఆ మెడ నిటారుగా ఉండదు, కాండంతో 125 డిగ్రీలకు అటూ ఇటూగా కోణం చేస్తుంది. మనిషి బరువంతా ఆ ఏటవాలు మెడ మీదుగానే కాలిలోకి దిగుతుంది. వయసు మీద పడి ఎముక గుల్లబారినప్పుడు పక్కకు పడితే ముందుగా విరిగేది అదే. పైగా బంతికి రక్తం తెచ్చే సన్నని నాళాలు చాలావరకు ఆ మెడను అంటిపెట్టుకునే పైకి పోతాయి. మెడ విరిగి పక్కకు జరిగితే అవీ తెగుతాయి, రక్తం అందక బంతి చచ్చుబడిపోతుంది. అందుకే నాయన వయసు వారికి విరిగిన మెడను మేకులతో బిగించడం కంటే బంతిని తీసేసి లోహపు బంతి పెట్టడమే మేలని డాక్టరు చెప్పారు. గిన్నె బాగానే ఉంది కాబట్టి దాన్ని అలాగే ఉంచారు. మూడో రోజుకల్లా మంచం పక్కన నిలబెట్టారు.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన చీటీలో మందుల కింద ఒక మాట రాసి ఉంది: వాకర్. ఎంత ఎత్తు, ఎలాంటిది, ఏమీ లేదు.

మొదట వెళ్లిన చోట వాకర్ కావాలి అనగానే అట్టపెట్టెతో సహా ముందు పెట్టి ధర చెప్పారు. కొనేసేదాన్నే, దాన్ని ఆటోలో ఎలా తీసుకుపోవాలా అని ఆలోచిస్తూ పక్క సందులోకి నడిచాను. అక్కడ కనిపించింది ఈ దుకాణం. పది అడుగుల వెడల్పు కూడా ఉండదు. గోడకు చంక కర్రలు, పైన దండెం మీద నడుము బెల్టులు, గాజు బీరువాలో మోకాలి క్యాపులు. ముక్కు మీద కళ్లజోడు, మెడలో దర్జీల టేపు వేసుకుని ఒక పెద్దాయన కూర్చున్నారు. వీధిలో అందరూ ఆయన్ని చాచా అంటారు, నేనూ అలాగే అంటున్నాను.

"వాకర్ కావాలి చాచా."

"ఎవరికమ్మా?"

"మా నాయనకు. తుంటి ఆపరేషన్ అయింది."

"మేకులా, బంతి మార్చారా?"

చెప్పాను. ఆ కాలి మీద ఎంత బరువు మోపవచ్చని డాక్టరు చెప్పారో అడిగారు. నేను అడగలేదన్నాను. "అది నేను చెప్పకూడదు, డాక్టరే చెప్పాలి. ఇప్పుడే ఫోను చేసి అడగండి, నేను ఉంటాను" అన్నారు. అడిగితే, ఓర్చుకోగలిగినంత మోపవచ్చు అన్నారు డాక్టరు. అప్పుడు చాచా రెండో ప్రశ్న వేశారు. "నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ముడత నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుంది? ఇంట్లో వేసుకునే చెప్పులతోనే కొలవాలి." తమ్ముడికి ఫోను చేశాను. వాడు నాయనను మంచం కమ్మీ పట్టించి నిలబెట్టి, అమ్మ కుట్టుమిషను టేపుతో కొలిచి 83 సెంటీమీటర్లు అని చెప్పాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నేను దగ్గర నిలబడి చూశాను. వాకర్ కాలు గొట్టంలో మరో గొట్టం ఉంటుంది. లోపలి గొట్టానికి స్ప్రింగు మీద ఒక చిన్న గుండు, బయటి గొట్టానికి అంగుళానికొకటి చొప్పున రంధ్రాలు. గుండును బొటనవేలితో నొక్కి, గొట్టం జరిపి, తర్వాతి రంధ్రంలో టిక్కుమని పడేదాకా లాగారు. నాలుగు కాళ్లకూ అలాగే. తర్వాత టేపు పెట్టి పిడి నుంచి నేల వరకు ఒక్కో కాలి దగ్గర విడివిడిగా కొలిచారు. మూడు కాళ్లు సరిపోయాయి, నాలుగోది ఒక రంధ్రం తక్కువగా ఉంది. అది సరిచేసి, వాకర్‌ను దుకాణం నేల మీద పెట్టి, రెండు పిడుల మీద తన బరువంతా వేసి ఊపి చూశారు. చివరికి నాలుగు రబ్బరు బుష్‌లనూ గోటితో గీరి, ఒకటి గట్టిపడిందని తీసేసి కొత్తది తొడిగారు. పన్నెండు వందల యాభై తీసుకుని చేత్తో రాసిన బిల్లు ఇచ్చారు. మొదటి చోట చెప్పిన ధర కంటే నూటయాభై ఎక్కువే. ఆ నూటయాభై ఇవ్వడానికి నాకు క్షణం కూడా వెనకాడాలని అనిపించలేదు.

ఆ రాత్రి నాయన వాకర్ పట్టుకుని నిలబడితే మోచేతులు కాస్త వంగి ఉన్నాయి. ఆ వంపు ఇరవై ముప్పై డిగ్రీల మధ్య ఉండాలని చాచా అన్నారు. బడి సంచిలో కోణమానిని ఉంటే తీసి మోచేతికి ఆనించి చూశాను, ఇరవై అయిదుకు దగ్గరగా ఉంది. పిడి అంతకంటే ఎత్తుగా ఉంటే భుజాలు చెవుల దాకా లేస్తాయి, తక్కువగా ఉంటే నడుము వంగిపోతుంది. రెండింటిలోనూ బరువు చేతుల్లోకి దిగదు. విరిగిన తుంటి మీదే పడుతుంది.

వాకర్ కట్టిస్తూనే చాచా ఇల్లు ఎలా ఉంటుందో అడిగారు. నాయన పడుకునేది నులక మంచం అని చెప్పగానే తల అడ్డంగా ఊపారు. నులక మంచం కుంగుతుంది. అందులో కూర్చుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తాయి. బంతి మార్చిన కొత్తల్లో తుంటి దగ్గర 90 డిగ్రీలకు మించి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. వెనక వైపు నుంచి కోసి చేసిన ఆపరేషన్ అయితే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. చుట్టూ ఉన్న కండరాలు, పొరలు మానేదాకా బంతి గిన్నెలోంచి తప్పుకునే ప్రమాదం ఉంటుంది. ఈ మాటలన్నీ ఆసుపత్రి చీటీలో ఇంగ్లిషులో ఉన్నాయి. అవి నులక మంచానికీ, ఈత చాపకూ, నేల మీద విస్తరి ముందు కూర్చోవడానికీ వర్తిస్తాయని మాకు తట్టేలా చెప్పింది ఈయన ఒక్కరే. కమోడ్ మీద బిగించే ఎత్తు సీటు కూడా ఇచ్చారు. మూడు నెలల తర్వాత శుభ్రంగా కడిగి తెచ్చిస్తే సగం ధర వాపసు అన్నారు, మాట ప్రకారం ఇచ్చారు కూడా.

సంక్రాంతి దాటిన తర్వాత డాక్టరు వాకర్ మాని చేతికర్రకు మారమన్నారు. ఈ దుకాణం గురించి నేను రాయాలనుకోవడానికి అసలు కారణం ఆ రోజే.

నాయన ముప్పై ఏళ్లు ఆర్టీసీలో బస్సు నడిపిన మనిషి. తనకు తెలియనిది ఒకరు చెబితే చప్పున ఒప్పుకోడు. కర్ర చేతికి ఇవ్వగానే కుడిచేత్తో పట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది కుడి తుంటికి కదా. నేనూ అదే సరి అనుకున్నాను. ఊళ్లో కర్ర పట్టుకున్న పెద్దవాళ్లలో సగం మంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. చాచా దగ్గరకు వచ్చి, ఆ కర్రను నాయన కుడిచేతిలోంచి తీసి ఎడమచేతిలో పెట్టారు.

"పెద్దాయనా, ఈ చేత్తో పట్టండి. కుడికాలు కదిలినప్పుడే కర్రా కదలాలి."

"నొప్పి ఈ పక్కనుంటే కర్ర ఆ పక్కనెందుకు?" అన్నాడు నాయన.

"రెండు రకాలుగానూ నాలుగడుగులు నడవండి. ఏది సుఖంగా ఉంటే అదే పట్టండి."

నాయన సందులో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. కుడిచేత్తో పట్టినప్పుడు నడుము పైభాగం అంతా కుడివైపుకు ఒరుగుతోంది. ఎడమచేత్తో పట్టగానే ఒరగడం ఆగింది. ఏమీ మాట్లాడకుండా కర్రను ఎడమచేతిలోనే ఉంచుకున్నాడు.

ఎందుకలా అవుతుందో ఇంటికి వచ్చాక కాగితం మీద గీసి చూపించాను. నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ కాసేపు ఒంటికాలి మీదే నిలబడతాం. అప్పుడు కటి ఎముక కావడి బద్దలా ఉంటుంది, తుంటి బంతి దానికి భుజం. అయితే భుజం కావడికి నడిమధ్యలో లేదు, ఒక పక్కకు ఉంది. పొడుగు వైపున శరీరం బరువంతా వేలాడుతోంది. పొట్టి వైపున తుంటి పక్కనుండే కండరం ఒక్కటే దాన్ని కిందికి లాగి సమం చేయాలి. పొట్టి వైపు నుంచి లాగాలంటే బరువు కంటే ఎక్కువ బలంతో లాగాలి కదా. ఆ లాగుడూ, శరీరం బరువూ రెండూ కలిసి బంతి మీదే పడతాయి. అందుకే మామూలు నడకలో కూడా తుంటి కీలు మీద శరీర బరువుకు దాదాపు రెండున్నర రెట్ల ఒత్తిడి ఉంటుంది. నాయన బరువు 62 కిలోలు, అంటే ఒక్కో అడుగుకూ నూటయాభై కిలోలకు పైమాటే. ఎదుటి చేతిలో కర్ర ఉంటే, అది కావడి పొడుగు కొసకు దగ్గరగా కింది నుంచి పైకి ఎత్తుతుంది. అంత దూరం నుంచి కాస్త ఎత్తినా చాలు, కండరం లాగవలసింది బాగా తగ్గిపోతుంది, బంతికి ఊపిరి ఆడుతుంది. నొప్పి వైపే కర్ర పట్టుకుంటే ఆ కొస చాలా దగ్గరైపోతుంది, లాభం ఉండదు. ఆ కండరం బలహీనపడితే ఒంటికాలి మీద నిలబడగానే ఎదుటి వైపు కటి కిందికి జారుతుంది. జర్మన్ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ 1895లో దీన్ని వివరించాడు, ఇప్పటికీ డాక్టర్లు ఆయన పేరుతోనే ఆ పరీక్ష చేస్తారు. నాయనను ఒంటికాలి మీద నిలబెట్టి డాక్టరు వెనక నుంచి చూసింది అదే అని నాకు అప్పుడు అర్థమైంది.

మెట్ల సంగతి కూడా ఆ రోజే చాచా నేర్పారు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, తర్వాత కర్ర, నొప్పి కాలు. దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు, తర్వాత మంచికాలు. పైకి ఒంటిని ఎత్తవలసింది, కిందికి మెల్లగా దింపవలసింది ఎప్పుడూ మంచికాలే.

ఇక అత్తమ్మ మోకాళ్లు. ఆమెకు 66 ఏళ్లు. రెండు కాళ్లూ కొంచెం దొడ్డికాళ్లుగా వంగాయి, ఉదయం లేవగానే పావుగంట బిగుసుకుని ఉంటాయి. మా ఆడబిడ్డ ఆన్‌లైన్‌లో ఒక జత మోకాలి క్యాపులు తెప్పించింది. చీర మీద నుంచి అంచనా కట్టి సైజు చెప్పిందట. వారం రోజుల్లో పిక్కల మీద గాడులు పడ్డాయి, పాదాలు వాచాయి. నొప్పి తగ్గడానికే కదా అని రాత్రిళ్లు కూడా తీయకుండా పడుకుంది. అవి సంచిలో వేసుకుని చాచా దగ్గరకు వెళ్లాం.

ఆడవాళ్ల కొలతలు ఆయన కోడలు తీస్తుంది, లోపల తెర చాటున. ఆమె ఉదయం పది నుంచి ఒంటిగంట వరకే ఉంటుంది. ఇది గుర్తు పెట్టుకోండి, మేము మొదటిసారి సాయంత్రం వెళ్లి తిరిగి వచ్చాం. ఆ అమ్మాయి అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మోకాలి చిప్ప నడిమధ్యన ఒకటి, తొడ మీద ఒకటి, పిక్క మీద ఒకటి, మూడు కొలతలు తీసి చీటీ మీద రాసింది. కుడి మోకాలు ఎడమదాని కంటే ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ. జత కొనకూడదు, ఏ కాలికి ఆ సైజు విడిగా తీసుకోవాలంది. పాత క్యాపును టేపుతో కొలిచి చూపిస్తే మా ఇద్దరికీ మాట రాలేదు. రెండు సైజులు తక్కువ.

"ఒకే పిక్క వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే మా దగ్గరకు రావద్దత్తా, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం గడ్డకట్టి ఉండవచ్చు" అని ఆ అమ్మాయి చెప్పింది. అత్తమ్మకు రెండు కాళ్లూ సమంగానే వాచాయి, క్యాపులు తీసేశాక రెండు రోజుల్లో తగ్గింది. అయినా ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. అమ్ముకునే చోట అలా చెప్పేవాళ్లు ఎందరుంటారు?

అత్తమ్మ మాత్రం ఇనుప పట్టీలు, కీలు ఉన్న పెద్ద బ్రేసు చూపించి అదే కావాలంది. చాచా ఇవ్వలేదు. నాలుగు వేల సరుకు అది. "ఎక్స్‌రే తీశారా? నిలబెట్టి తీశారా, పడుకోబెట్టా?" అని అడిగారు. పడుకోబెట్టి తీసినదే ఉంది. డాక్టరును అడిగి నిలబడి తీయించుకోమన్నారు. తర్వాత అలా తీయిస్తే తేడా నా కంటికే కనిపించింది. మోకాలు మడత బందు కీలు. తొడ ఎముకకూ, మోకాలి కింది ఎముక జంఘాస్థికీ మధ్య మృదులాస్థి పొర, దానికి తోడు చంద్రవంకల్లాంటి రెండు మెత్తలు ఉంటాయి. మృదులాస్థి ఎక్స్‌రేలో కనిపించదు, రెండు ఎముకల మధ్య ఖాళీగా మాత్రమే తెలుస్తుంది. పడుకున్నప్పుడు ఆ ఖాళీ ఉన్నట్టే ఉంటుంది. నిలబడితే ఒంటి బరువు పడి లోపలి వైపు ఎముకకు ఎముక ఆనుకుంది. దొడ్డికాళ్లు అలా వచ్చినవే. లోపలి వైపు అరిగేకొద్దీ కాలు వంగుతుంది, వంగేకొద్దీ బరువు ఇంకా లోపలికే పడుతుంది.

డాక్టరు ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నారు. ఫిజియోథెరపీకి పంపారు. మోకాలి కింద చుట్టిన తువాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి పది లెక్కపెట్టేదాకా బిగపట్టడం, కాలు చాపి జానెడు ఎత్తు లేపి నిలపడం. తొడ ముందు కండరం గట్టిపడితే మోకాలికి అదే అసలైన క్యాపు అని అక్కడి అమ్మాయి చెప్పింది. గుడ్డ క్యాపు బరువు మోయదు. కీలుకు కాస్త వెచ్చదనం, పట్టు ఇస్తుంది, అడుగు వేసేటప్పుడు ధైర్యం ఇస్తుంది, అంతవరకే. చాచా కూడా ఇదే మాట చెప్పి అమ్మారు. నడిచేటప్పుడు వేసుకోండి, పడుకునేటప్పుడు తీసేయండి అని. ఒక్కోటి రెండు వందల ఎనభై.

బరువు సంగతి కూడా చెప్పాలి. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని పరిశోధనలో తేలింది. అత్తమ్మ 71 నుంచి 67కు వచ్చింది. ఉదయం ఉగ్గానిలోకి బజ్జీలు మానేసింది, రాత్రి సంకటి ముద్ద సగం చేసింది. నాలుగు కిలోలంటే అడుగుకు పదహారు కిలోలు. లెక్క చెప్పినప్పుడు నమ్మలేదు. చైత్రంలో ఒంటిమిట్ట కల్యాణానికి వెళ్లి, బస్సు దిగిన చోటు నుంచి ఎక్కడా కూర్చోకుండా నడిచిన తర్వాత నమ్మింది.

నా చీలమండ కథ చిన్నదే. ఆషాఢంలో బడి వరండా అంచు చూసుకోకుండా అడుగు వేశాను. పాదం లోపలికి మడతపడింది. చూస్తుండగానే చీలమండ బయటి ఎముక గుబ్బ ముందు కోడిగుడ్డంత వాపు వచ్చింది. పుత్తూరు కట్టు కట్టిద్దామని ఒకరు, నూనె రాసి గట్టిగా తోమిద్దామని ఒకరు. ముందు ఎముకకు ఏమైనా అయిందో లేదో తెలియాలి కదా అని డాక్టరు దగ్గరకు వెళ్లాను. ఆయన రెండు గుబ్బల వెనక అంచుల వెంట, కింది కొనల మీద వేలితో నొక్కుతూ వచ్చి, లేచి నాలుగడుగులు వేయమన్నారు. ఎముక మీద నొప్పి లేదు, కుంటుతూనైనా నాలుగడుగులు వేశాను. ఎక్స్‌రే అక్కరలేదన్నారు. కెనడాలోని ఒటావాలో వైద్యులు 1992లో ఈ పద్ధతిని ప్రకటించారు. అనవసరపు ఎక్స్‌రేలు తగ్గించడానికి దేశదేశాల్లో వాడుతున్నారు. నాకు సాగినది బయటి గుబ్బను పాదానికి కట్టి ఉంచే మూడు సంధిబంధనాల్లో ముందుది. పాదం లోపలికి మడతపడితే మొదట దెబ్బతినేది అదే.

చాచా నాలుగు అంగుళాల క్రేప్ బ్యాండేజీ తీసి కట్టడం నేర్పారు. వేళ్ల మొదట్లో రెండు చుట్లు, పాదం మీదుగా చీలమండ వెనక్కి, మళ్లీ ముందు నుంచి అరికాలి కిందికి, ఎనిమిది అంకె తిరిగినట్టు. ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పాలి. సాగదీసి కట్టకూడదు. కట్టాక నా బొటనవేలి గోరు నొక్కి వదిలారు. తెల్లబడిన గోరు వెంటనే మళ్లీ ఎర్రబడింది. "ఎర్రబడటం ఆలస్యమైతే, వేళ్లు చల్లబడితే విప్పి మళ్లీ కట్టండి" అన్నారు. పక్కన ప్యాకెట్టులో మెరిసిపోతున్న తొమ్మిది వందల చీలమండ బ్రేసు ఉంది. అది ఇవ్వమన్నా, "వాపు ఉన్నప్పుడు కొంటే వాపు తీశాక వదులవుతుంది, పది రోజుల తర్వాత అవసరమనిపిస్తే రండి" అని నూటపది రూపాయల బ్యాండేజీతో పంపారు. పది రోజుల తర్వాత అవసరం రాలేదు.

ఫిజియోథెరపీలో కుర్చీలో కూర్చుని పాదంతో గాలిలో అక్షరాలు రాయమన్నారు. ఇంగ్లిషు అక్షరాలు చెప్పారు. నేను మన అక్షరమాల రాశాను. చీలమండను అన్ని వైపులకూ తిప్పాలంటే అంతకు మించినది లేదు. ఋ రాసేటప్పుడు బయటి గుబ్బ ముందు సన్నగా లాగేది. మూడో వారానికి ఋ రాసినా నొప్పి తెలియలేదు. ఆ తర్వాత పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం. బెణికిన కాలికి తన కింద నేల ఎలా ఉందో కనిపెట్టే నేర్పు తగ్గిపోతుంది, అది తిరిగి రాకపోతే అదే కాలు మళ్లీ మళ్లీ మడతపడుతుంది.

ఇన్ని మంచి మాటలు రాశాను కాబట్టి బాగాలేనివి కూడా అంతే స్పష్టంగా రాయాలి. దుకాణానికి మూడు మెట్లున్నాయి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేదు. తుంటి విరిగినవాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు వచ్చే చోటు అది. నాయన మొదటిసారి వచ్చినప్పుడు మెట్ల కిందే నిలబడిపోయాడు, చాచాయే కర్రలు నాలుగైదు పట్టుకుని సందులోకి దిగి వచ్చారు. ఇది చిన్న లోపం కాదు, ఆ రోజే ఆయనతో చెప్పాను. ఒకటిన్నర నుంచి నాలుగున్నర దాకా మూసేస్తారు, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేది తరచుగా ఆ వేళలోనే. అద్దాల బీరువాలో అయస్కాంతాల మోకాలి పట్టీలు కూడా పెట్టారు. వాటి వల్ల అరిగిన కీలుకు మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు. అడిగితే, "నేను ఎవరికీ చెప్పనమ్మా, అడిగి కొంటారు" అన్నారు. ఆయన మీద జనం పెట్టుకున్న నమ్మకం చిన్నది కాదు. అక్కడ కనిపిస్తే చాలు, చాచా దగ్గర ఉంది కాబట్టి మంచిదే అనుకుంటారు. అవి తీసేయాలి.

సైజు సరిపోకపోతే మూడు రోజుల్లో మార్చి ఇస్తారు, డబ్బు వాపసు ఇవ్వరు. ఫోను ద్వారా చెల్లించవచ్చు. వెళ్లేటప్పుడు డాక్టరు చీటీ, ఇంట్లో వేసుకునే చెప్పులు తప్పకుండా తీసుకెళ్లండి. అయిదుకు నాలుగున్నర మార్కులు వేస్తున్నాను, ఆ అర మార్కు మెట్ల కోసమే తగ్గించాను.

నిన్న కర్ర రబ్బరు బుష్ మార్పించడానికి నాయనతో కలిసి వెళ్లాను. ఎనిమిది నెలల్లో అడుగున ఉన్న గీతలన్నీ అరిగి, తడిసిన కడప బండలా నున్నబడింది. నలభై రూపాయలు. నాయన ఎడమచేతి కర్రను ఆనించి, ముందు ఎడమకాలు పైమెట్టు మీద పెట్టి, తర్వాత కర్ర, కుడికాలు, అలా మూడు మెట్లూ తానే ఎక్కాడు. మెట్ల పక్క గోడకు కొత్తగా నాలుగు రంధ్రాలు కొట్టి ఉన్నాయి. కమ్మీ వెల్డింగు షాపులో ఉందని, సోమవారం బిగిస్తారని చాచా చెప్పారు.